నడుమ మైనస్

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే మీకు శ్రమ తప్పుతుంది. కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పేరు కృపారాణి. పిల్లలు ఎదురుగా కృపా మేడం అంటారు. వెనకాల ఏమంటారో నాకు తెలుసు కానీ ఇక్కడ రాయను.

మా దగ్గర చేరేది తెలుగు మీడియం పిల్లలు. పదిలో మార్కులు బాగా వచ్చినవాళ్లను పెద్ద కాలేజీల వాళ్లు ఇళ్లకు పోయి మరీ ఎత్తుకుపోతారు. మిగిలినవాళ్లు మాకు. వీళ్లకు లెక్కలంటే భయమని అందరూ అంటారు, అది అబద్ధం. వీళ్లకు మైనస్ అంటే భయం. లెక్కంతా ప్లస్సులే ఉంటే చకచకా చేసేస్తారు. ఎక్కడైనా ఒక్క మైనస్ కనపడిందా, పెన్ను ఆగిపోతుంది, గోళ్లు నోట్లోకి పోతాయి. రెండు మైనస్‌లు పక్కపక్కన వస్తే ఇక జ్వరమే. ఇది నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే కనిపెట్టాను. కనిపెట్టి ఏం చేశాను? పిల్లలకు మైనస్ అలవాటు చేయాల్సింది పోయి, వాళ్ల దారిలోంచి మైనస్‌నే తీసేశాను.

సరళరేఖల పాఠంలో ఒక లెక్క తప్పకుండా వస్తుంది. ఒక రేఖ సమీకరణం ఇస్తారు, ఒక బిందువు ఇస్తారు. ఆ రేఖకు లంబంగా ఉంటూ ఆ బిందువు గుండా పోయే రేఖ సమీకరణం కనుక్కోమంటారు. అసలు పద్ధతిలో ముందు ఇచ్చిన రేఖ వాలు ఎంతో చూడాలి. దాన్ని లంబరేఖ వాలుతో గుణిస్తే మైనస్ ఒకటి రావాలి. అక్కడినుంచి సమీకరణానికి పోవాలి. ఇదంతా చెబితే సగం క్లాసు నిద్రపోతుంది. అందుకని నేనొక పాట కట్టాను.

"ఎక్స్‌ది వైకియ్యి, వైది ఎక్స్‌కియ్యి, నడుమ మైనస్ పెట్టు."

3x + 4y ఉందనుకోండి, అంకెలు అటూ ఇటూ మార్చి నడుమ మైనస్ పెడితే 4x − 3y. చివర ఒక k రాసుకుని, ఇచ్చిన బిందువు వేస్తే k ఎంతో తేలిపోతుంది. ఐదు నిమిషాల పని. నాట్లేసేటప్పుడు ఒకావిడ అంటే మిగతావాళ్లు అందుకున్నట్టు, మొదటి ముక్క నేనంటే తక్కింది క్లాసంతా అందుకునేది. చేతులు రెండూ అడ్డంగా మార్చి చూపించేవాళ్లు. 'నడుమ' అనగానే బల్లల మీద అందరిదీ ఒకటే దెబ్బ. పక్క గదిలోని కామర్స్ సార్ రెండుసార్లు వచ్చి గొడవపడ్డాడు. నేను మానలేదు.

పాటతోపాటు నోట్సు కూడా ఇచ్చేదాన్ని. చేత్తో రాసి జిరాక్స్ తీయించిన పన్నెండు పేజీలు. లంబరేఖల మీదే ముప్పై లెక్కలు. ముప్పైలోనూ ఇచ్చిన రేఖలో ప్లస్సే ఉంటుంది. మైనస్ ఉన్న రేఖ ఒక్కటి కూడా పెట్టలేదు. పరీక్షలో అలాంటిది వస్తే ఇంకో ప్రశ్న రాసుకుంటారులే అనుకున్నాను. పంతొమ్మిదేళ్లు అలాగే గడిచింది. నా సబ్జెక్టులో పాసయ్యేవాళ్ల సంఖ్య చూసి, కొత్తగా వచ్చిన ప్రతి ప్రిన్సిపాలూ నాకు శాలువా కప్పాడు.

భాగ్య గురించి చెప్పాలి. వాళ్లది మోతె. తండ్రి లేడు. తల్లి ఎల్లమ్మ కూలికి పోతుంది. నాటు, కలుపు, మిరప ఏరడం, ఏ పని ఉంటే ఆ పని. భాగ్య కోదాడ హాస్టల్లో ఉండి మా కాలేజీలో రెండేళ్లు చదివింది. సన్నగా ఉంటుంది, గొంతు చిన్నది, కానీ ప్రశ్న మాత్రం వదలదు. మొదటి ఏడాది నా పాట విన్న రోజే లేచి నిలబడింది.

"మేడం, నడుమ మైనస్ ఎందుకు పెట్టాలె?"

"పెట్టమన్న, పెట్టు. మార్కులొస్తయ్. కూసో."

కూర్చుంది. రెండేళ్లలో మళ్లీ ఆ మాట అడగలేదు.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వాళ్లు కొందరు కలిసి పెట్టిన ట్రస్టు ఒకటుంది. ఇంటర్ అయిన పిల్లలకు ప్రతి వేసవిలో రాతపరీక్ష పెట్టి ఇరవైమందిని తీసుకుంటారు. ఆ ఇరవైమందికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సీటు, హాస్టల్, తిండి, పుస్తకాలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఆ ఏడు ఇంటర్ పాసైనవాళ్లే రాయాలి, ఒక్కసారే రాయాలి. భాగ్యకు ఉన్నది ఆ ఒక్క దారే. సూర్యాపేటలో ఒక బట్టల షాపులో ఆమెకు పని చూసి పెట్టాడు మేనమామ. ఏప్రిల్లో ఎల్లమ్మ హాస్టల్‌కు వచ్చినప్పుడు నాతో ఉన్నమాట చెప్పింది.

"సీటొస్తే పంపిస్త మేడం. నా బిడ్డకు సదువంటే పానం. రాకుంటె ఇగ షాపే. నా నడుం వంగుతలేదు, ఇంట్ల ఇంకొక చెయ్యి పడాలె."

"వస్తది ఎల్లమ్మా. రాకపోతే నన్నడుగు," అన్నాను. నాకు ఇలాంటి మాటలు ఊరికే వచ్చేస్తాయి.

మే నెల రెండో ఆదివారం పదకొండుమంది పిల్లలను వెంటబెట్టుకుని హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను. ఊరంతా ఉడికిన వడ్ల వాసన. పరీక్ష ఒక స్కూల్లో పెట్టారు, మా పదకొండుమందినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. నేను బయట వేపచెట్టు కింద మూడు గంటలు నిలబడ్డాను. బయటకు రాగానే ధర్మా అనే పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడం, మన పాటొచ్చింది! పది మార్కులకు!"

వెనకాలే వస్తున్న మిగతావాళ్లందరూ రోడ్డు మీదే చేతులు అడ్డంగా మార్చి చూపించారు. ప్రశ్నపత్రం వెనక్కి తీసేసుకున్నారు కాబట్టి నేను చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు. అందరికీ చెరుకు రసం ఇప్పించాను. బస్సులో భాగ్య నా పక్కన కూర్చుని, పాట లెక్క తప్ప మిగతా ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది. అన్నీ రాశానంది. ఎండ మొహాన కొడుతున్నా నాకు హాయిగా ఉంది.

జూన్ మొదటి వారంలో ట్రస్టు నుంచి నా పేరు మీద ఉత్తరం వచ్చింది. ఆ పిల్లలు మా కాలేజీవాళ్లేనని సంతకం పెట్టింది నేను కాబట్టి నాకు పంపారు. ఏడో ప్రశ్నకు మా పదకొండుమంది ఒకటే జవాబు రాశారట. ఆ జవాబు తప్పట. తప్పు మాత్రమే కాదు, అడుగు అడుగుకూ ఒకటే వరుస, ఒకటే మాటలు. పరీక్ష రాసిన మిగతా రెండువందలమందిలో ఆ జవాబు ఇంకెవరూ రాయలేదు. ఒకే గదిలో కూర్చున్నారు కనుక చూసి రాసినట్టు అనుమానంగా ఉంది, పదకొండు పేపర్లూ ఆపి ఉంచాం, పన్నెండో తారీకు పిల్లలతో సహా సూర్యాపేట ఆఫీసుకు వచ్చి సంజాయిషీ ఇవ్వండి. ఇదీ ఉత్తరం.

ఫోన్ చేశాను. ఆఫీసు చూసే శ్రీలత అనే ఆమె ఎత్తింది. గట్టి మనిషి, కానీ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"మిగతా పదిమంది సంగతి వదిలేయండి మేడం, వాళ్లకు ఎట్లాగూ మార్కులు చాలవు. భాగ్య అనే అమ్మాయికి మాత్రం ఆ ప్రశ్న తీసేసినా నాలుగో స్థానం వచ్చింది. ఈ మరక లేకుంటే సీటు ఖాయం."

ఫోన్ పెట్టేసి పిల్లలందరికీ కబురు చేశాను. మర్నాడు వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్న కాలేజీలో పదకొండుమందినీ కూర్చోబెట్టి విరుచుకుపడ్డాను.

"ఎవని దాంట్ల సూసి ఎవడు రాసిన్రు? చెప్పండి! నా పరువు తీసిన్రు కదరా!"

బల్ల మీద డస్టర్ విసిరాను. అది ఎగిరి నవ్య అనే పిల్ల ఒళ్లో పడింది. ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. చివరకు ధర్మా లేచాడు.

"యేసు తోడు మేడం, ఎవల్ది సూడలే. మాకు వచ్చిందే రాసినం."

"పదకొండు మందికీ ఒకటే తప్పు ఎట్ల వస్తదిరా? దా, బోర్డు మీద చెయ్యి."

ఉత్తరంలో ఉన్న ప్రశ్న బోర్డు మీద రాశాను. 3x − 4y + 7 = 0 రేఖకు లంబంగా ఉంటూ (2, 1) బిందువు గుండా పోయే సరళరేఖ సమీకరణం కనుక్కోండి. ధర్మా సుద్దముక్క పట్టుకుని పెదాలు కదిలించాడు. ఎక్స్‌ది వైకియ్యి, వైది ఎక్స్‌కియ్యి. నాలుగు ముందుకు తెచ్చాడు, మూడు వెనక్కి పంపాడు. నడుమ మైనస్ పెట్టాడు. 4x − 3y + k = 0. బిందువు వేశాడు. 4x − 3y − 5 = 0. కింద రెండు గీతలు గీసి నావైపు తిరిగాడు.

"నాలుగు ముందట ఆల్రెడీ మైనస్ ఉంది కదరా. అదేమైంది?"

"నడుమ మైనస్ పెట్టమన్నరు కద మేడం. గాడ మైనస్సే ఉండె. గట్లనే ఉంచిన."

"మేం గంతే మేడం," అన్నారు వెనకనుంచి నలుగురైదుగురు.

నేను బల్ల మీద కూర్చుండిపోయాను. రేఖలో ప్లస్ ఉంటే లంబరేఖలో మైనస్ వస్తుంది. రేఖలో మైనస్ ఉంటే లంబరేఖలో ప్లస్ రావాలి. నా పాటలో ఆ రెండో సగం లేదు. నేను ఎప్పుడూ పెట్టలేదు. నా నోట్సులో మైనస్ ఉన్న రేఖే లేదు కాబట్టి పిల్లలకు అనుమానం కూడా రాలేదు. దొంగతనం ఎక్కడా జరగలేదు. నేనే ఆ తప్పును పదకొండు మంది నోళ్లలో కూర్చోబెట్టి, బల్లలు గుద్దించి మరీ మిర్యాలగూడకు పంపాను.

పిల్లల ముందు ఏడ్చాను. అంతకుముందు ఎప్పుడూ ఏడ్వలేదు.

"తప్పు మీది కాదురా. నాది. నేనే తప్పు చెప్పిన," అన్నాను. వాళ్లకు ఏం చేయాలో తెలియలేదు. భాగ్య లేచి వచ్చి తన సీసాలోని నీళ్లు ఇచ్చింది.

ఆ తర్వాత చేసిన పని గురించే నేను రోజూ ఆలోచిస్తుంటాను. లేచి మొహం కడుక్కుని వచ్చి, పాఠం మొదటినుంచీ చెప్పాను. పాట లేదు. బోర్డు మీద గళ్లు గీసి ఆ రేఖను గీశాను. వాళ్లు రాసిన రేఖను కూడా గీశాను. రెండూ లంబంగా కలవలేదు, ఏదో వంకరగా తగులుకున్నాయి. అప్పుడు వాలు అంటే ఏమిటో చెప్పాను. ఒకటి పైకి ఎక్కుతుంటే దానికి లంబంగా ఉన్నది కిందికి దిగాలి, అందుకే రెండు వాలులూ గుణిస్తే మైనస్ ఒకటి వస్తుందని చెప్పాను. ఉదయం పదింటికి మొదలుపెడితే సాయంత్రం ఐదైంది. మధ్యలో పులిహోర పొట్లాలు తెప్పించాను. మైనస్ ఉన్న లెక్కలు నలభై చేయించాను. మొదట తడబడ్డారు. తర్వాత ఒక్కొక్కరికే పట్టుబడింది. చివరికి నవ్య కూడా తప్పు లేకుండా చేసింది.

భాగ్యకైతే మధ్యాహ్నానికే అర్థమైపోయింది. రెండేళ్ల కింద కూర్చోబెట్టిన పిల్ల మళ్లీ లేచి నిలబడింది.

"అందుకా మేడం మైనస్! నేను ఊకె పెడ్తున్నమనుకున్న!"

ఆ మొహంలో ఉన్న సంబరం చూస్తే నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, పోనీలే, పంతొమ్మిదేళ్ల తప్పును ఒక్కరోజులో దిద్దుకున్నాను అనుకున్నాను. పన్నెండో తారీకు పోయి ఉన్నదున్నట్టు చెప్పేస్తే చాలు, నా ఉద్యోగానికి ఏమైనా కానీ అనుకున్నాను. లెక్కలు చెప్పే మనిషిని, ఇంకో అడుగు ముందుకు వేసి ఆలోచించాల్సింది.

పన్నెండో తారీకు సూర్యాపేట పోయాం. ట్రస్టు ఆఫీసు కొత్త బస్టాండు దగ్గర రెండో అంతస్తులో ఉంది. గదికి తలుపు తీసే ఉంటుంది, నీలం కర్టెన్ వేలాడుతుంటుంది. పిల్లలను వరండాలో నిలబెట్టి నేనొక్కదాన్నే లోపలికి పోయాను. శ్రీలత ఫైలు ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన సంజీవ్ సార్. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ప్రశ్నపత్రం తయారుచేసింది ఆయనే. నెమ్మదస్తుడు. నాకు కుర్చీ చూపించి మంచినీళ్లు ఇప్పించాడు.

జరిగింది దాచకుండా చెప్పాను. పాట కూడా పాడి వినిపించాను. యాభై ఏళ్ల మనిషిని, చేతులు అడ్డంగా మార్చి మరీ. సంజీవ్ సార్ నవ్వలేదు. నోట్సు అడిగి తీసుకుని పన్నెండు పేజీలూ ఓపికగా తిరగేశాడు.

"మేడం, ముప్పై లెక్కలున్నయి. ముప్పైకి ముప్పై కరెక్టు. ఇండ్ల తప్పేది?"

"ఉన్న లెక్కలల్ల లేదు సార్. పెట్టకుండ వదిలేసిన లెక్కలల్ల ఉంది."

"పాట ఎక్కడన్నా రాసి ఉందా?" అని అడిగింది శ్రీలత.

"లేదు. నోటితోటే చెప్పిన. పిల్లల్ని అడగండి, అందరూ పాడ్తరు."

"ఉత్తరం వచ్చి పదిరోజులైంది కదా మేడం. పిల్లలకు ఒక పాట నేర్పడానికి పదిరోజులు చాలవా?" ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. "పిల్లలు మీవాళ్లు. సంతకం మీది. తప్పు నాదే అంటున్నదీ మీరే. నమ్మాలనే ఉంది, దేన్ని చూసి నమ్మాలె?"

సంజీవ్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను గూడ ముప్పై ఏండ్లు చెప్పిన మేడం. మీరు చెప్పేది జరగనిది కాదు. ఒక్కటే దారున్నది. ఒక్కర్ని పిలుద్దాం. అదే రకం లెక్క ఇద్దాం. మీ పాటతోటే ఆ తప్పు వచ్చింది నిజమైతే, ఇప్పుడు గూడ గదే తప్పు రావాలె. వచ్చిందంటె మీ మాట నిజమని ఇక్కడే సంతకం పెడ్త. పిల్లకు సీటిస్తం."

నేను కుర్చీలోంచి లేచాను.

"సార్, పోయిన వారమే సరిగ్గ చెప్పిన. దిద్దిన. ఇప్పుడు వాళ్లకు కరెక్టు వచ్చు."

శ్రీలత పెన్ను కింద పెట్టేసి సంజీవ్ సార్ వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రెండేండ్లు నోట్ల నానిన పాట పదిరోజులల్ల పోదు మేడం. కొత్త జాగ, కొత్త మనుషులు. కంగారుల పాతదే వస్తది. మనకు తెల్వదా? నాలుగో స్థానం వచ్చిన పిల్లనే పిలుస్త."

"రాకుంటె సార్? కరెక్టు చేస్తే?"

"చేస్తే ఇగ నా చేతుల ఏం లేదు. అంత తెలిసిన పిల్ల ఆనాడు తప్పెందుకు రాసిందంటె చెప్పేటందుకు నాకేం ఉండదు."

నన్ను వెనక గోడకు ఆనుకుని నిలబడమన్నారు, మాట్లాడొద్దన్నారు. శ్రీలత పోయి భాగ్యను తీసుకొచ్చింది. తెల్ల బోర్డు మీద సంజీవ్ సార్ లెక్క రాశాడు. 5x − 2y + 9 = 0 రేఖకు లంబంగా ఉంటూ (4, 3) గుండా పోయే రేఖ. మార్కర్ భాగ్య చేతికిచ్చి, "కంగారు లేదు బిడ్డా, నిమ్మళంగ చెయ్యి," అన్నాడు.

భాగ్య బోర్డు దగ్గరికి పోయింది. రెండు ముందుకు తెచ్చింది. 2x అని రాసింది. అక్కడ ఆగింది.

నేను చర్చికి క్రమం తప్పకుండా పోతాను. పిల్లల కోసం ప్రార్థన చేయని పరీక్ష లేదు. అందరికీ సరైన జవాబు తట్టేలా చూడు ప్రభువా అని. ఆ గదిలో గోడకు ఆనుకుని, ఈ పిల్ల తప్పు రాసేలా చెయ్యి ప్రభువా అని వేడుకున్నాను. నేను చెప్పింది మరిచిపోయేలా చెయ్యి. పాట గుర్తుకు తెప్పించు. ఒక్క మైనస్, అంతే.

భాగ్య చెయ్యి కదిలింది. 2x పక్కన చిన్న అడ్డగీత పెట్టింది.

మైనస్.

సంజీవ్ సార్ కుర్చీలో ముందుకు వంగాడు. ఇక 5y రాయి, k రాయి, బిందువు వెయ్యి, అయిపోతుంది. భాగ్య మార్కర్ బోర్డుకు ఆనించి ఆ అడ్డగీత వైపే చూస్తోంది. తర్వాత మెడ కొంచెం తిప్పి నావైపు చూసింది. ఒక్క క్షణమే. మళ్లీ బోర్డు వైపు తిరిగి, ఆ అడ్డగీత మీద ఒక నిలువుగీత గీసింది.

ప్లస్.

ఇక ఎక్కడా ఆగలేదు. 2x + 5y + k = 0. ఎనిమిది, పదిహేను, ఇరవై మూడు. 2x + 5y − 23 = 0. ఎవరూ అడక్కపోయినా పక్కన రెండు వాలులూ రాసి, గుణించి, మైనస్ ఒకటి వచ్చిందని కూడా చూపించింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

సంజీవ్ సార్ బోర్డు మీది లెక్క కిందిదాకా చూసి "కరెక్టు బిడ్డా," అన్నాడు. శ్రీలత భాగ్యను బయటకు పంపి ఫైలు మూసింది.

"ఇంత సుబ్బరంగ చేసే పిల్ల మేడం. సొంతంగ రాసి ఉంటె ఆ తప్పు రాయదు కద," అన్నాడు సంజీవ్ సార్. నన్ను చూడకుండా అన్నాడు.

"నేను దిద్దిన సార్! దిద్దిన అని ముందే చెప్పిన కదా!" అరిచాను. బల్ల గుద్దాను. గ్లాసులో నీళ్లు ఫైలు మీద ఒలికాయి. "మైనస్ పెట్టింది, మీరు చూడలేదా? ముందు మైనస్సే పెట్టింది!"

"పెట్టి దిద్దుకున్నది. తెలిసినోళ్లే దిద్దుకుంటరు."

"రాసిస్తాను. తప్పు నాదని కాగితం మీద రాసిస్తాను. నా ఉద్యోగం తీసేయమనండి. ఆ పిల్లకు సీటివ్వండి."

"మీ ఉద్యోగంతో మాకేం పని మేడం," అంది శ్రీలత, చీరకొంగుతో నీళ్లు తుడుస్తూ. "మీ మీద మేమేం రాయడం లేదు. పదకొండు పేపర్లు మాత్రం పక్కన పెడ్తున్నం."

కనీసం శిక్ష కూడా వేయలేదు నాకు. నన్ను తిట్టినా బాగుండేది. కర్టెన్ తోసుకుని బయటకు వచ్చాను. నా మొహం చూసి పిల్లలకు అర్థమైపోయింది. ధర్మా చేతిలో ఉన్న నా సంచి నాకు ఇవ్వకుండా తనే మోసుకుంటూ మెట్లు దిగాడు.

బస్టాండులో పదిమందినీ కోదాడ బస్సు ఎక్కించాను. భాగ్య మోతెకు పోవాలంటే ఖమ్మం బస్సు పట్టుకోవాలి. నేను ఆమెతో ఆగిపోయాను. సిమెంటు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. వాన వచ్చేలా ఉంది కానీ రాలేదు. ఎల్లమ్మకు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. రాకపోతే నన్నడుగు అన్నది నేనే.

"సోమవారం నుంచి షాపుకు పోత మేడం. మామ వచ్చి తోలుకపోతనన్నడు," అంది భాగ్య.

"వాళ్లు అనుకున్నదేందో నీకు తెల్వదు భాగ్యా. నీ తప్పేం లేదు. నువ్వు కరెక్టు చేసినవ్ కాబట్టే..."

"తెల్సు మేడం. కర్టెన్ కాడనే నిలబడ్డ. సార్ చెప్పింది మొత్తం ఇన్న."

నాకు ఒక్కసారిగా ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"ఇన్నవా? తప్పు రాస్తే సీటిస్తమన్నది ఇన్నవా? ఇని గూడ..."

"ఇన్న."

"మరి నీకేం పోయే కాలమే? మైనస్ పెట్టినవ్ కద! ఎందుకు దిద్దినవ్?"

బస్టాండులో జనం మావైపు చూశారు. భాగ్య తల దించుకుని వేలికి అంటిన మార్కర్ మరకను గోరుతో గీకుతోంది.

"తప్పే రాద్దామని పోయిన మేడం. పెట్టిన గూడ. అమ్మ యాదికొచ్చింది, హైదరాబాద్ యాదికొచ్చింది. ఇగ ఐదు వై రాద్దామనుకున్న." మరకను ఇంకోసారి గీకింది. "ఎన్కకు సూస్తే మీరున్నరు. ఆ రోజు మీరు మా ముందట ఏడ్సిన్రు కద. పొద్దుగూకేదాక నిలబడి చెప్పిన్రు. మళ్ల గదే తప్పు మీ ముందట రాస్తే మీ పానం ఎట్లుంటదోనని చెయ్యి రాలే."

నేను బెంచీ మీద కూర్చున్నాను. వెనకాల నిలబడి నేను ఏం కోరుకున్నానో చెప్పాలని నోరు తెరిచాను. నువ్వు తప్పు రాయాలనే నేను దేవుణ్ణి అడిగాను పిల్లా, నీ చెయ్యి ఆగిందే నాకోసమైతే ఆగాల్సిన పనే లేదు అని చెప్పాలనుకున్నాను. చెబితే ఆ పిల్లకు ఇంకేం మిగులుతుంది? సీటు పోయింది. చదువు పోయింది. మేడం ముందు సరైన జవాబు రాశానన్న ఒక్క మాట మిగిలింది.

"మంచిగ చేసినవ్," అన్నాను.

భాగ్య తలెత్తి నవ్వింది. ఖమ్మం బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఇది జరిగి ఏడాది దాటింది. సూర్యాపేట పోయిన ప్రతిసారీ ఆ బట్టల షాపున్న వీధి తప్పించుకుని, చుట్టూ తిరిగి పోతాను.